ఓనరు స్వయంగా రావాలి

జూన్ 3

ఏమే సూదీ,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు నాకో సంగతి చెప్పు. మే ముప్పయ్యో తారీకు పొద్దున ఆరుంబావుకి పెద్ద వంతెన మీద నీకేం పని? అదీ గంటకి తొంభై నాలుగు స్పీడులో! ఆ బండి నా దగ్గరున్న పన్నెండేళ్ళలో ఒక్కనాడూ అరవై దాటలేదు. దాటితే పైన కట్టిన నిచ్చెనలు రోడ్డు మీద పడతాయన్న భయం కూడా ఉందనుకో.

నాకెలా తెలిసిందా అని చూస్తున్నావా? ఫైను నోటీసు వచ్చింది. నా పేరున, నా ఇంటికి, రంగుల ఫొటోతో సహా. తెల్ల వ్యాను మనదే, నంబరూ మనదే. స్టీరింగు దగ్గర మాత్రం టోపీ పెట్టుకున్న మగమనిషి ఉన్నాడు. ఎవడాయన? మీ ఆయనకి టోపీ లేదు, ఉన్నా డ్రైవింగు రాదు. నాకు చెప్పకుండా డ్రైవర్ని పెట్టుకున్నావా? పెట్టుకుంటే పెట్టుకున్నావు, కాస్త నిదానమైనవాణ్ణి చూసుకోవచ్చు కదా!

మూడేళ్ళ కిందట బోర్డుల దుకాణం మూసేసిన రోజున నీకు తాళాలిస్తూ ఏమన్నాను? "కుట్టు మిషన్లు భుజాన వేసుకుని బస్సుల్లో ఎన్నాళ్ళు తిరుగుతావు, తీసుకో" అన్నాను. రిజిస్ట్రేషను నా పేరునే ఉంది కదా అని నువ్వు నసిగితే, అన్నాచెల్లెళ్ళ మధ్య కాగితాలేమిటే అని కసిరాను. ఇప్పుడు ఆ కాగితాలే వచ్చి నా తలుపు కొడుతున్నాయి.

ఫోన్ చెయ్యకు. నా చెవులకి ఫోనంటే ఈగల మోత, అంతే. ఉత్తరం రాయి. టోపీవాడి గురించి మొదటి లైనులోనే రాయి, చివరికి నెట్టకు. నా కుడిచేతి వేలు తలుపు సందులో పడింది, అందుకని ఇది మీ వదిన చేత రాయిస్తున్నాను. ఈగల మోత అన్నచోట ఆవిడ నవ్వింది. ఈ ఇంట్లో నా బాధ ఎవరికీ పట్టదు.

కోపంగా,
మీ అన్నయ్య


జూన్ 6

అన్నయ్యా,

ఆ టోపీవాడు దొంగ. మొదటి లైనులోనే రాశాను, చాలా?

నేను ఆ వంతెన ఎక్కి మూడేళ్ళయింది. మే 26న సంచులు కుట్టే షాపు ముందు బండి పెట్టాను. లోపల ఒక మిషనుకి షటిల్ మార్చి పావుగంటలో బయటికి వచ్చేసరికి ముందు ప్లేటు లేదు, వెనక ప్లేటూ లేదు. బండి నిక్షేపంలా ఉంది. లోపల నా పనిముట్లు, స్పేరు పార్టుల పెట్టెలు, ఆయిలు డబ్బాలు, ఏదీ కదల్లేదు. స్క్రూలు కూడా పద్ధతిగా టైరు పక్కన పేర్చి పోయాడు మహానుభావుడు. మన ప్లేట్లు తీసుకెళ్ళి అలాంటి తెల్ల వ్యానుకే తగిలించుకున్నట్టున్నాడు. తప్పులు వాడివి, ఫొటోలు మనకి.

నీకెందుకు రాయలేదంటే, రాస్తే "కళ్ళు నెత్తికెక్కాయా" అంటావని తెలుసు కనక.

పోలీస్ స్టేషనుకి వెళ్ళాను. ఫిర్యాదులు రాసుకునే ఆయన "ఏం పోయింది?" అన్నాడు. నంబరు ప్లేట్లండీ అన్నాను. "బండి?" బండి ఉందండీ. "మరి పోయిందేముంది?" అని పెన్ను మూత పెట్టేశాడు. కాసేపు బతిమాలాక "బండి తెచ్చి చూపించండి" అన్నాడు. ప్లేటు లేకుండా రోడ్డెక్కితే మీరే పట్టుకుంటారు కదండీ అన్నాను. పట్టుకుంటాం అన్నాడు. మరెలా తేవాలండీ అంటే అది మీరు చూసుకోవాలి అన్నాడు. మూడు రోజులు నడిచింది ఈ పురాణం. నాలుగో రోజు ఒకాయన స్కూటరు మీద మా ఇంటికొచ్చి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ప్లేట్లు లేవని కళ్ళారా చూసి రాసుకుని వెళ్ళాడు. లేనివాటిలో చూడ్డానికి ఏముంటుందో నాకైతే అర్థం కాలేదు.

ఆ కాగితం పట్టుకుని రిజిస్ట్రేషను ఆఫీసుకి పోతే, నాలుగో కౌంటరు ఏడో కౌంటరుకి పొమ్మంది. ఏడో కౌంటరు ఆయన స్టేషను ముద్ర కాగితం వెనక ఉంది, ముందు వేయించుకు రమ్మన్నాడు. మళ్ళీ స్టేషను. ముద్ర బీరువాలో ఉంది, బీరువా తాళం సెలవులో ఉంది. తల ప్రాణం తోకకొచ్చిందనుకో. అన్నీ పట్టుకుని నిన్న మళ్ళీ వెళితే, ఏడో కౌంటరు ఆయన కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసి చల్లగా అన్నాడు: "బండి మీ పేరున లేదు కదమ్మా. ఓనరు స్వయంగా రావాలి."

కనక ఓనరుగారూ, తమరు దయచెయ్యాలి. ఒక్కరోజు చాలు.

నవ్వులాటకి కాదు అన్నయ్యా. ఈ నెల 28న యూనిఫారాల ఫ్యాక్టరీ మిషన్లు ఆపుతుంది. ఏడాదికి ఒకసారి, వారం రోజులు. ఆ వారంలో అరవై మిషన్లు విప్పి, శుభ్రం చేసి, బిగించేది నేనే, ఆరేళ్ళుగా. నా ఏడాది పనిలో సగం అదే. ఊరికి దూరంగా ఉంది, అంత సామానుతో బండి లేకుండా పోలేను. 28 పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర నేను లేకపోతే వేరే కంపెనీని పిలుస్తానని మేనేజరు ఇప్పుడే చెప్పేశాడు. ఒకసారి వేరేవాళ్ళు చెయ్యి పెడితే మళ్ళీ నన్నెవరు పిలుస్తారు?

వేలు ఎలా ఉంది? వేడినీళ్ళలో ముంచు.

ఎదురుచూస్తూ,
నీ సూది


జూన్ 10

సూదీ,

కళ్ళు నెత్తికెక్కాయా నీకు? చూశావా, అనకుండా ఉందామనుకుని కూడా అన్నాను.

నిన్న రెండో నోటీసు వచ్చింది. చేపల మార్కెట్టు గేటుకి అడ్డంగా రెండు గంటలు బండి పెట్టాడట. ఈ ఫొటోలో వ్యాను తళతళలాడుతోంది. దొంగ వెధవైతే అయ్యాడు గానీ బండి కడుక్కుంటున్నాడే! నువ్వు కడిగి ఎన్నాళ్ళయింది?

ఇక నేను రావడం. నావల్ల కాదు. మోకాళ్ళు చూశావుగా. బస్సులో ఐదు గంటలు కూర్చుంటే దిగేటప్పుడు నన్ను మడత మంచంలా మోసుకెళ్ళాలి. పైగా నేనొచ్చి చేసేదేముంది? వాళ్ళు అడిగేది నాకు వినపడదు, నేను చెప్పేది వాళ్ళకి అక్కర్లేదు.

అయినా నాకు తెలియక అడుగుతాను, నలభై ఏళ్ళు బోర్డులు, నంబరు ప్లేట్లు రాసినవాడి చెల్లెలివి, ఒక ప్లేటు కోసం కౌంటర్లు పట్టుకుని వేలాడ్డం ఏమిటి? నాకు తలవంపులు కాదూ? ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సెలు వస్తుంది. విప్పి చూడు. అల్యూమినియం రేకు మీద తెల్ల ఎనామిల్ మూడు పూతలు, పైన నల్ల అంకెలు. అదే నంబరు. ఎనిమిది చూడు ముఖ్యంగా. చాలామంది రెండు సున్నాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఎనిమిది అనేస్తారు. పైది కిందిదానికంటే చిటికెడు చిన్నదిగా ఉండాలి, లేకపోతే తలకిందులుగా నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఇది ఇప్పటి మిషన్లకి ఎవరు చెబుతారు?

ఈ మధ్య అచ్చు పోసిన ప్లేట్లే పెట్టాలని రూలు మారిందంటారు. మారితే మారింది, నంబరు మారిందా? లేదుగా. స్క్రూలు నీ దగ్గరే ఉన్నాయి. బిగించుకుని నీ పనికి నువ్వు పో. పుణ్యానికి పోతే పాపం ఎదురవదు.

వేలు ఇంకా మానలేదు. మీ వదినే రాస్తోంది.

నిశ్చింతగా,
మీ అన్నయ్య


జూన్ 14

అన్నయ్యా,

కూర్చున్నావా? కూర్చో.

బండి పోలీస్ స్టేషను ఆవరణలో ఉంది. నీ ప్లేట్లతో సహా.

నాకు బుద్ధి లేదు. ఒప్పుకుంటున్నాను. పార్సెలు విప్పినప్పుడు పెట్టకూడదనే అనుకున్నాను. మా ఆయన కూడా "చూసుకోవడానికి బావుంది, పెట్టుకోవడానికి బావుండదు" అన్నాడు. కానీ నిన్న పొద్దున మేనేజరు మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి మిషన్లు ఏ స్థితిలో ఉన్నాయో ఒకసారి వచ్చి చూసి, ఏ పార్టులు కావాలో రాసివ్వమన్నాడు. వెళ్ళొచ్చేద్దాం, ఎవడు చూస్తాడులే అని బిగించాను. రెండో మలుపు దగ్గర ఆపేశారు.

ఎందుకు ఆపారో తెలుసా? చేత్తో రాసిన ప్లేటని కాదు. అది తర్వాత చూశారు. "ఈ నంబరు దొంగనంబరని ఫిర్యాదు ఉంది" అన్నారు. ఆ ఫిర్యాదు నాదేనండీ అన్నాను. "మీ ప్లేట్లు పోయాయని మీరే చెప్పారు. మరి ఇవెక్కడివి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. నా ప్లేట్లు దొంగిలించినదాన్ని నేనేనని తేలింది! కోరి కొరివితో తల గోక్కున్నాను. అసలు దొంగ మాత్రం హాయిగా చేపలు కొనుక్కుంటున్నాడు.

ఇన్‌స్పెక్టరు ప్లేటు దగ్గరికి వంగి, నీ ఎనిమిది గీత వెంబడే వేలు పోనిచ్చాడు. "రాసినవాడికి తప్పుచేస్తున్నానని తెలుసు, చూడండి, చెయ్యి వణికింది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా అన్నయ్య రాశాడండీ. మా అన్నయ్య గీత జీవితంలో వణకదు. కావాలంటే వచ్చి మీ స్టేషను బోర్డు రాసి చూపిస్తాడు, అది తప్పుల తడక" అన్నాను. అదొక్కటీ అనకుండా ఉండాల్సింది. బండితో పాటు లోపలున్న సామాను కూడా సాక్ష్యమని తాళం వేసేశారు. ఇప్పుడు నా చేతిలో ఒక స్క్రూడ్రైవరు కూడా లేదు.

విడిపించుకోవాలంటే ఓనరు రిజిస్ట్రేషను ఆఫీసులో సంతకం చేసి, ఆ కాగితం స్టేషనులో ఇవ్వాలి. ఓనరు, ఓనరు, ఓనరు!

మర్యాదగానే అడుగుతున్నాను, ఎందుకు రావు? మోకాళ్ళని చెప్పకు. పోయిన నెల మోకాళ్ళతోనే పక్కూరు పెళ్ళికి వెళ్ళొచ్చావని వదినే రాసింది. మూడేళ్ళ నుంచి అడుగుతున్నాను బండి నా పేరున మార్చమని. ప్రతిసారీ ఏదో ఒక వంక. కాగితాలేమిటే అన్నది ప్రేమ అనుకున్నాను ఇన్నాళ్ళూ. నీకు ఇవ్వాలని లేకపోతే ఆ ముక్క చెప్పు, రేపే తాళాలు పంపించేస్తాను. బండి నీదే కదా. అవును, నీదే.

ఇంకా పద్నాలుగు రోజులు ఉన్నాయి.

ఇట్లు,
సూది


జూన్ 17

చెల్లికి,

నీ ఉత్తరం మీ వదిన చదవబోతే నేనే లాక్కుని చదివాను. బావుంది. ప్లేట్లు రాసి, పార్సెలు పంపి, తపాలా బిళ్ళలంటించి, చివరికి నేను బండి దాచుకునేవాణ్ణయ్యాను. చాలా బావుంది.

నాకు ఆ బండి ఎందుకమ్మా? దాంట్లో ఎక్కి ఎక్కడికి పోవాలి? నీ మీద నాకు కోపం లేదు. ఉంది. ఉన్నా నువ్వు చిన్నదానివి, పని పోతుందన్న భయంలో ఏదో అన్నావు. నేను పట్టించుకోను. పట్టించుకోను కనకే నిన్నటి నుంచి అన్నం సరిగ్గా తినలేదని మీ వదిన అంటోంది. ఆవిడ మాటలు నమ్మకు.

వణికిందన్నాడా ఇన్‌స్పెక్టరు? ఎనామిల్ పాతది. చిక్కబడింది. కుంచె లాగేటప్పుడు అలా తెగుతుంది. వాడికేం తెలుసు.

దీంతో పాటు ఒక అధికార పత్రం పంపుతున్నాను. "ఈ బండి ఓనరునైన నేను, అనారోగ్య కారణంగా స్వయంగా రాలేక, నా తరఫున సమస్త పనులూ చక్కబెట్టుటకు నా సొంత చెల్లెలికి పూర్తి హక్కులు ఇస్తున్నాను" అని మీ వదిన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. కింద సంతకం నాదే. ఇద్దరు సాక్షులు పక్కింటివాళ్ళు. చక్కగా పట్టుకెళ్ళి వాడి మొహాన కొట్టు. ఓనరు స్వయంగా రావాలంటాడా, నా సంతకం నేను కాదా?

మూడో నోటీసు కూడా వచ్చింది. ఎర్రలైటు. దాని సంగతి తర్వాత.

ఇట్లు,
అన్నయ్య


జూన్ 21

అన్నయ్యా,

అధికార పత్రం చెల్లలేదు.

ఏడో కౌంటరు ఆయన బీరువాలోంచి పాత ఫైలు తీశాడు. పదిహేనేళ్ళ కిందట బండి కొన్నప్పుడు నువ్వు పెట్టిన సంతకం, ఇప్పుడు పంపిన సంతకం, పక్కపక్కన పెట్టాడు. "ఇది ఫోర్జరీ అమ్మా. స్టేషన్లో ఇప్పటికే ఒక కేసు ఉంది, ఇంకోటి ఎందుకు" అన్నాడు. నేను ఒంటికాలి మీద లేచాను. మా అన్నయ్య సంతకం నాకు తెలియదా, చిన్నప్పుడు నా మార్కుల కార్డుల మీద నాన్న బదులు పెట్టింది కూడా అదే కదా అని కౌంటరు మీద చెయ్యేసి కొట్టాను. అప్పుడు కాగితం నా వైపు తిప్పాడు. "మీరే చూడండి" అన్నాడు.

చూశాను.

పాతదాంట్లో పెన్ను ఎత్తకుండా ఒక్క ఊపులో రాసి, కింద పడవలా గీత లాగావు. కొత్తదాంట్లో నీ పేరులో నాలుగు అక్షరాలకి ఏడుసార్లు పెన్ను ఎత్తావు. కింద గీత లేదు. మొదలుపెట్టి ఆపేశావు.

ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ తీశాను. చలికాలం నుంచి అన్నీ వదిన చేతిరాతే. ఒకసారి తలుపు సందు, ఒకసారి మంచం కోడు, ఒకసారి కత్తిపీట. అన్నయ్యా, ఎవరికైనా ఆరు నెలలపాటు అదే వేలికి దెబ్బ తగులుతుందా? తగిలినా, ఆ వేలితో ప్లేట్లు ఎలా రాశావని నాకు అప్పుడే తట్టాల్సింది. నా గోల నాది.

నీ చేతికి ఏమయింది?

ఇన్‌స్పెక్టరుతో నేనన్న మాట నీకు రాసి మరీ పంపాను. వణకదని. అది నువ్వు నీ కళ్ళతో చదువుకున్నావు. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. బండి దాచుకున్నావన్న మాట కూడా. ఆ ఉత్తరం చింపెయ్. నిజంగా చింపెయ్.

ఫ్యాక్టరీ సంగతి నేను ఏదో చేసుకుంటాను. ఏం చేస్తానో తెలియదు. ఏడు రోజులే ఉన్నాయి. అయినా నువ్వు రాకు. రమ్మని అడగను. ముందు డాక్టరుకి చూపించావా లేదా అది రాయి.

నీ
సూది


జూన్ 24

సూదీ,

చింపలేదు. నాకు కోపం వచ్చినప్పుడు చదువుకోవడానికి ఒకటి ఉండాలి.

చూపించాను. డాక్టరు పేరు పెట్టాడు దానికి, మాత్రలిచ్చాడు. మాత్రలతో గ్లాసు పట్టుకోగలుగుతున్నాను, కుంచె పట్టుకోలేను. ఇది ఆరు నెలల సంగతి కాదు. నాలుగేళ్ళయింది.

మిషను మీద బోర్డులు అచ్చుకొడుతున్నారు, చేతిరాత ఎవరికీ అక్కర్లేదు, అందుకే దుకాణం మూసేశాను అని అందరికీ చెప్పాను కదా. నీకూ అదే చెప్పాను. అబద్ధం. నా దగ్గరికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ఆఖరి రోజున ఒక మందుల షాపాయన బోర్డుకి మొదటి అక్షరం రాస్తుంటే కుంచె పక్కకి పోయింది. తుడిచి మళ్ళీ రాశాను, మళ్ళీ పోయింది. ఆయన నిచ్చెన కింద నిలబడి చూస్తున్నాడు. రంగు బాగాలేదని చెప్పి దిగిపోయాను. మళ్ళీ ఎక్కలేదు. పాపం ఆ మిషను చేసిన తప్పేం లేదు, నెపం మోసింది అంతే.

ప్లేట్లు నేనే రాశాను. పదకొండు రేకులు పాడయ్యాయి. మీ వదిన నా ముంజేతిని రెండు చేతుల్తో పట్టుకుంది. నీకు పంపినవి ఉన్నవాటిలో మంచివి. ఎనిమిది బావుందనుకున్నాను నేను.

బండి నీ పేరున మార్చాలంటే ఆ గుమస్తా ముందు కూర్చుని సంతకం పెట్టాలి. ఫైల్లో ఉన్నదానిలా ఉండాలి. అది నావల్ల కాదు. అందుకే వంకలు చెప్పాను. నీకు తెలిస్తే మా అన్నయ్య, మా అన్నయ్య అని ఊరంతా చెప్పుకు తిరిగేదానివి ఇక చెప్పుకోవేమో అనిపించింది. ముసలితనంలో వచ్చే బుద్ధులు ఇలాగే ఉంటాయి.

రావద్దన్నావు కనక వస్తున్నాను. నా మాట నువ్వెప్పుడు విన్నావు, నీ మాట నేను వినడానికి. గురువారం 27న పదకొండింటికి బస్సు దిగుతాను. సంతకం సంగతి ఏం చెయ్యాలో తెలియదు. రోజూ ఇరవైసార్లు రాసి చూస్తున్నాను, ఒకటి ఇంకోదానిలా లేదు. అక్కడికొచ్చాక చూద్దాం.

మీ వదిన రాయమంటే ముక్కు చీదుతోంది, అందుకని ఇక్కడ ఆపుతున్నాను.

వస్తున్న
అన్నయ్య


జూలై 1, ఫ్యాక్టరీ నుంచి

అన్నయ్యా,

మధ్యాహ్నం భోజనాల వేళ రాస్తున్నాను. చేతికి మిషనాయిలు ఉంది, కాగితం మీద మరకలు క్షమించు. ఇరవై రెండు మిషన్లు అయ్యాయి. 28 పొద్దున ఏడున్నరకే గేటు దగ్గర ఉన్నాను. మేనేజరు వాచీ చూసుకుని "అనుకోలేదమ్మా" అన్నాడు. నేనూ అనుకోలేదు.

ముందురోజు నిన్ను బస్సు ఎక్కించేసి నేను స్టేషనుకి పరిగెత్తి బండి విడిపించుకున్నాను. సరిగ్గా మాట్లాడుకోనే లేదు. కౌంటరు దగ్గర వాడేమంటున్నాడని నువ్వు మూడుసార్లు అడిగావు, "ఏం లేదు, కాగితాలు చూస్తున్నాడు" అని చెప్పాను. ఏం లేకపోవడమా! అసలేం జరిగిందో ఇప్పుడు రాస్తాను, విను.

నీ చెయ్యి చూడగానే సంతకం కుదరదని వాడికే అర్థమైంది. డాక్టరు చీటీ చూపించాను. సరే, వేలిముద్ర వేయించండి అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. ముద్ర వేశాక రూళ్ళ పుస్తకం తీశాడు. వేలిముద్ర చదువురానివాళ్ళదే చెల్లుతుందట. చదువొచ్చినవాళ్ళు సంతకమే పెట్టాలట. "మరి చదువొచ్చి చెయ్యి రానివాళ్ళు?" అన్నాను. అలాంటి గడి ఫారంలో లేదమ్మా అన్నాడు. "పెద్దాయనకి చదవడం రాయడం రాదు అన్నచోట టిక్కు పెట్టిస్తే ఇప్పుడే అయిపోతుంది. లేకపోతే పైఆఫీసుకి పంపాలి, రెండు నెలలు."

నేను ఊరుకున్నానా? గొంతు చించుకున్నాను. ఈయనకి చదువు రాదా, సగం ఊరికి పేర్లు రాసింది ఈయన, బళ్ళో నాకు అక్షరాలు దిద్దించింది ఈయన, ఈయన రాసిన బోర్డులు చూసి చదువు నేర్చుకున్నవాళ్ళున్నారు, నీకు కళ్ళున్నాయా అని. లైన్లో ఉన్నవాళ్ళంతా చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను. రెండు నెలలైతే రెండు నెలలు, పోతే పని పోతుంది, ఆ టిక్కు మాత్రం పెట్టనివ్వను అన్నాను. నిజంగానే అన్నాను, కోపంలో కాదు.

ఇటు తిరిగి చూస్తే ఫారం నీ చేతిలో ఉంది. మొత్తం చదివావు, పై నుంచి కింది దాకా, వేలు పెట్టుకుని. తర్వాత వాడి పెన్ను తీసుకుని ఆ గడిలో టిక్కు పెట్టి అవతలికి తోశావు. వాడు ముద్ర కొట్టేశాడు.

ఎందుకు పెట్టావు అన్నయ్యా? ఏం రాసుందో తెలియక పెట్టావా అంటే, తెలియకపోవడం ఏమిటి, చదివావు కదా! నాకు అక్కడే అడగాలనిపించింది, నీకు వినపడేలా అడగాలంటే అరవాలి, అరిస్తే ఏడుపొస్తుంది. నాలుగు రాత్రులుగా అదే ఆలోచన. బోల్టు బిగిస్తూ అదే, సూది మారుస్తూ అదే.

బండి ఇప్పుడు నా పేరున ఉంది. కొత్త నంబరు. ప్లేట్లు పదిహేను పనిదినాల తర్వాత ఇస్తారట, అంతదాకా అద్దానికి ఒక కాగితం అంటించుకోమన్నారు. నిన్న వాన పడింది, కాగితం సగం చెరిగింది. మళ్ళీ ఏడో కౌంటరుకి వెళ్ళాలి.

జవాబు రాయించు.

నీ
సూది


జూలై 5

సూదీ,

ఇది మీ వదిన రాయలేదు. నేను రాస్తున్నాను. పొద్దున మొదలుపెట్టాను. అక్షరాలు పెద్దవి, వంకర. కళ్ళు చికిలించి చదువుకో.

నాలుగో నోటీసు వచ్చింది. ఫైను ఎందుకు కట్టలేదో రాసి పంపాలట. చదువురానివాడు ఎలా రాస్తాడు? బీరువా మీద పడేశాను.

ఎందుకు పెట్టానని అడిగావు. నువ్వు వాడితో పోట్లాడుతున్నావు. నాకు వినపడలేదు. గోడ గడియారం కనపడింది. మూడున్నర దాటింది. నాలుగుకి మూసేస్తారని తలుపు మీద రాసి ఉంది. పొద్దున ఎనిమిదికి నువ్వు గేటు దగ్గర ఉండాలి. అందుకని పెన్ను తీసుకున్నాను.

నాకు చదువొచ్చని నాకు తెలుసు. నీకు తెలుసు. ఆ కాగితానికి తెలియకపోతే ఏమవుతుంది.

బాధ లేదా అంటే ఉంది. బస్సులో ఉంది. ఇంటికొచ్చాక కూడా ఉంది. నీ ఉత్తరంలో ఇరవై రెండు మిషన్లు అన్నచోట కాస్త తగ్గింది. మిగతావి అయ్యాక రాయి.

సాయంత్రం అయింది. చెయ్యి ఆగిపోతోంది.

ఇట్లు,
చదువురాని మీ అన్నయ్య